నాలా వెడల్పు చేస్తే కాలనీ మునగదా?

హైదరాబాద్‌లో గట్టి వాన పడిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, నాలాలు (వాననీళ్లు పోయే పెద్ద కాలువలు) ఇరుకైపోయాయి, వెడల్పు చేయాలని. రెండోది, చెరువులు కబ్జా అయ్యాయి, ఖాళీ చేయించాలని. 2020 అక్టోబర్ వరద తర్వాత మొదటి మాటకు డబ్బు దొరికింది. ఎస్‌ఎన్‌డీపీ (వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం) పేరుతో నాలాల పనులకు తొలి దశలో సుమారు 985 కోట్ల రూపాయలు కేటాయించారు. 2024 జులైలో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పాటయ్యాక రెండో మాట రోజూ వార్తల్లోకి ఎక్కింది. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్, వందేళ్ల వాన, ఇన్ని వేల క్యూసెక్కుల విడుదల అంటూ టీవీల్లో మాటలు దొర్లిపోతూనే ఉంటాయి. వాటి వెనకున్న లెక్కను మాత్రం ఎవరూ విప్పి చూపించరు. ఆ లెక్కలో చాలా భాగం పదో తరగతి గణితం దాటదు.

ఎకరం, అంగుళం, క్యూసెక్కు

సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు పారితే అది ఒక క్యూసెక్కు, అంటే 28 లీటర్ల పైచిలుకు. ఎకరం నేల మీద గంటకు అంగుళం చొప్పున వాన పడుతూ, ఒక్క చుక్క కూడా ఇంకకుండా బయటికి పోతే, వచ్చే ప్రవాహం దాదాపు ఒక క్యూసెక్కు. ఇంజనీర్ల పని తేలిక చేసే ఈ కాకతాళీయమైన లెక్క గుర్తుంటే చాలు, మిగతాదంతా కూడికలు, గుణకారాలే.

మరీ చిన్నగా చూడాలంటే 200 గజాల ప్లాటు తీసుకుందాం. అది 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గంటలో 5 సెంటీమీటర్లు పడితే ఆ ఒక్క ప్లాటు మీద 8,300 లీటర్లకు పైనే పడ్డట్టు. వేసవిలో డబ్బులిచ్చి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర కంటే ఎక్కువ. అలాంటి ఇళ్లు 500 ఉన్న కాలనీలో, రోడ్లు లెక్కలోకి తీసుకోకుండానే, 40 లక్షల లీటర్లు దాటుతుంది.

వాతావరణ శాఖ చెప్పే "భారీ", "అతి భారీ" వర్షాలు 24 గంటల మొత్తాలు. 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఆ మొత్తం ఎన్ని గంటల్లో పడిందో అందులో తెలియదు. నాలాకు కావాల్సింది అదే. పది సెంటీమీటర్ల వాన రోజంతా ముసురుగా పడితే గంటకు నాలుగు మిల్లీమీటర్లే, బట్టలు ఆరవు గానీ కాలనీ మునగదు. అదే పది సెంటీమీటర్లు సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ రెండు గంటల్లో పడితే గంటకు ఐదు సెంటీమీటర్లు. నగరంలోని పాత నాలాలు గంటకు రెండు సెంటీమీటర్ల వానకు తగ్గట్టు కట్టినవని అధికారులు తరచూ చెబుతుంటారు. మిగతా మూడు సెంటీమీటర్లకు రోడ్డే నాలా.

అదే నేల, అదే వాన, రెండు వేర్వేరు వరదలు

ఇప్పుడు 50 ఎకరాల నేల తీసుకుందాం. గంటకు రెండు అంగుళాల వాన. మొత్తం 100 క్యూసెక్కులు. అది పొలంగా ఉన్నప్పుడు నేల తాగేది, గట్ల మధ్య నిలిచేది పోను, సుమారు మూడో వంతు బయటికి వస్తుందనుకుందాం, అంటే 30 క్యూసెక్కులు. అక్కడే లేఅవుట్ వేసి, స్లాబులు, సీసీ రోడ్లు, గోడ నుంచి గోడ వరకు టైల్స్ పరిచాక నూటికి 80 వంతులు బయటికే. 80 క్యూసెక్కులు. ఎంత భాగం బయటికి పారుతుందో చెప్పే ఆ సంఖ్యను రనాఫ్ కోఎఫిషియెంట్ అంటారు. దాన్ని వాన జోరుతో, విస్తీర్ణంతో గుణిస్తే వచ్చేదే ఇంజనీర్లు చిన్న ప్రాంతాలకు వాడే రేషనల్ ఫార్ములా.

కానీ ఈ 30, 80 మధ్య తేడా ఇక్కడితో ఆగదు. పొలంలో చివరి మూల నుంచి వాగు దాకా నీళ్లు రావడానికి గంట పట్టిందనుకోండి. కాంక్రీటు మీద అదే దూరం 20 నిమిషాల్లో వచ్చేస్తుంది. ఏ వానలోనైనా గంట సగటు కంటే దానిలోని జోరైన 20 నిమిషాల సగటు ఎక్కువ. పొలానికి ఆ జోరు తగలదు. నీళ్లు దారిలో ఉండగానే జోరు తగ్గిపోతుంది. కాలనీకి మాత్రం ఆ 20 నిమిషాల జోరు పూర్తిగా తగులుతుంది. అంటే నేల కప్పెట్టడం వల్ల నీళ్లూ పెరిగాయి, అవన్నీ ఒకేసారి రావడం కూడా మొదలైంది. పట్టణ వరదలో నా లెక్కకు ఈ రెండోదే పెద్ద సమస్య. కింద చెప్పే పరిష్కారాల్లో దాదాపు ఏదీ నీళ్లను మాయం చేయదు, అవి వచ్చే వేళను మారుస్తుంది, అంతే.

"వందేళ్ల వాన" మూడు నాలుగేళ్లకే ఎందుకొస్తుంది?

ఎంత పెద్ద వానకైనా సరిపోయే నాలా కట్టాలంటే నగరంలో సగం నాలాలే ఉంటాయి. కాబట్టి ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఆ గీతనే "ఇన్నేళ్లకోసారి వచ్చే వాన" అంటారు. మహానగరాల్లో ప్రధాన ప్రాంతాల వాననీటి కాలువలను ఐదేళ్లకోసారి వచ్చే వానకు తగ్గట్టు కట్టాలన్నది 2019లో కేంద్రం తెచ్చిన మాన్యువల్ సూచన. పెద్ద ఆనకట్టల్లో మిగులు నీళ్లు వదిలే స్పిల్‌వేలకైతే ఊహించగలిగిన గరిష్ఠ వరదనే లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే కాలువ పొంగితే మోకాలి లోతు నీళ్లు, ఆనకట్ట తెగితే ప్రాణాలు.

వందేళ్ల వాన అంటే ఒకసారి వస్తే మళ్లీ వందేళ్లు రాదని కాదు. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి. నిరుడు వచ్చినా ఈ ఏడు అవకాశం అంతే. ముప్పై ఏళ్ల హోమ్ లోన్ తీసుకుని ఇల్లు కొన్నారనుకుందాం. ఆ లోన్ తీరేలోగా వందేళ్ల వరద కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం నూటికి 26. పాతికేళ్ల వరదకైతే 71. ఇక ఐదేళ్ల వానకు కట్టిన నాలా ఐదేళ్లలో ఒక్కసారైనా పొంగే అవకాశం మూడింట రెండొంతులు. అలా పొంగితే దాన్ని ఇంజనీర్ల వైఫల్యం అనడానికి లేదు, అంగీకరించి గీసిన గీతే అది. ఆ సంగతి ఎవరూ కాలనీవాసులకు ముందుగా చెప్పకపోవడం మాత్రం వేరే విషయం.

ఇంకో చిక్కుంది. ఈ అవకాశం ఒక చోటికి సంబంధించినది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా పడింది. అవి రెండూ ఒకే నేల మీద పడ్డవి కావు. వంద చోట్ల వాన కొలిచే పరికరాలు పెడితే, ప్రతి చోటా నూటికి ఒకటి అవకాశమే ఉన్నా, సగటున ఏడాదికి ఒకచోట వందేళ్ల వాన కనబడుతుంది. ఒకే మబ్బు రెండు మూడు చోట్లను తడపవచ్చు కాబట్టి లెక్క ఇంత నున్నగా ఉండదు. అయినా "ఈ మధ్య ప్రతి రెండేళ్లకూ రికార్డు వానేనా" అన్న ప్రశ్నకు సమాధానంలో ఒక భాగం ఇది. వాతావరణ మార్పు ఇంకో భాగం: గాలి వేడెక్కేకొద్దీ అది మోయగల తేమ డిగ్రీకి సుమారు ఏడు శాతం చొప్పున పెరుగుతుంది. దాంతో పాత రికార్డుల మీద గీసిన గీత ఇప్పుడు కాస్త కిందికి పడ్డట్టే.

వెడల్పు చేయాలనేవారి మాట, వద్దనేవారి మాట

ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న కాలువలో నీళ్లు సెకనుకు నాలుగడుగులు పోతే ఎంత? 5 × 4 × 4 = 80 క్యూసెక్కులు. పైన చెప్పిన 50 ఎకరాల కాలనీకి సరిగ్గా సరిపోతుంది. కాగితం మీద.

అందులో అడుగు మందం పూడిక చేరితే 60. గరుకు పెరిగి వేగం కూడా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. మధ్యలో ఎవరో కాలువ మీద ర్యాంపు వేసుకున్నారు, మంచినీటి పైపు అడ్డంగా పోయింది, దానికి పరుపు ముక్కలు, ప్లాస్టిక్ తట్టుకున్నాయి. కాలువ మొత్తం ఎంత వెడల్పున్నా దాని సామర్థ్యాన్ని నిర్ణయించేది ఆ ఒక్క ఇరుకే. ఎండాకాలంలో కూడా మురుగు పారుతూ ఉండే నాలాలైతే వాన రాకముందే కొంత నిండి ఉంటాయి. కాబట్టి పూడిక తీయాలి, ఇరుకులు విప్పాలి అనేవారితో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు.

అసలు వాదం అంతకు మించి వెడల్పు చేయడం దగ్గర మొదలవుతుంది. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా, అన్నీ హుస్సేన్‌సాగర్‌లోకే వస్తాయి. సాగర్ పూర్తి మట్టం 513.41 మీటర్లు. అది దాటాక మిగులు నీళ్లు దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగా అంబర్‌పేట వైపు పారి మూసీలో కలుస్తాయి. పైన నాలా వెడల్పు చేస్తే పైవాళ్ల ఇళ్లలో నిలిచే నీళ్లు అరగంట ముందుగా సాగర్‌కు చేరతాయి. నాలుగు నాలాల ఉద్ధృతీ వేర్వేరు వేళల్లో రావడం కిందివాళ్ల అదృష్టం. అవి ఒకే వేళకు చేరేలా చేస్తే ఆ అదృష్టం పోతుంది. పైన మోకాలి లోతు తగ్గి, కింద నడుము లోతు పెరగవచ్చు. అందుకే వెడల్పు పని కింద నుంచి పైకి సాగాలంటారు ఇంజనీర్లు. ఎక్కువ గొడవ జరిగే కాలనీ దగ్గర ముందు మొదలుపెట్టాలంటుంది రాజకీయం. రెండో వాదాన్నీ తేలిగ్గా కొట్టిపారేయలేం. ప్రతి ఏడూ ఇంట్లోకి నీళ్లొచ్చే మనిషికి "కింద పని అయ్యాక మీ దగ్గరికొస్తాం" అంటే టెన్షన్ పెరుగుతుందే గానీ తగ్గదు.

చెరువు చేసే పని నిండిన తర్వాతే

ఒకదాని మిగులు నీళ్లు కింది దానిలోకి పోయే గొలుసుకట్టు చెరువుల గురించి చాలామందికి ఉన్న అనుమానం: "చెరువు నిండాక వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి కదా, ఇంక అది వరదను ఆపేదేముంది?" ఇది మంచి అనుమానం. సమాధానం అలుగు దగ్గర, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోట ఉంది.

చెరువు పూర్తిగా నిండి నీటి మట్టం అలుగు అంచును తాకే స్థాయే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). తెలంగాణ పల్లెల్లో అలుగును మత్తడి అంటారు; మత్తడి దుంకింది అంటారే, అది ఈ స్థాయి దాటాక. మత్తడి మీదుగా ఎక్కువ నీళ్లు పోవాలంటే చెరువులో మట్టం ఇంకా పైకి లేవాలి. 100 ఎకరాల చెరువు ఒక్క అడుగు లేవాలంటే 43.56 లక్షల ఘనపుటడుగులు కావాలి. లోపలికి వచ్చే నీళ్లు బయటికి పోయేవాటికంటే 500 క్యూసెక్కులు ఎక్కువున్నాయనుకుంటే, ఆ అడుగు నిండడానికి దాదాపు రెండు గంటల 25 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్‌లో జోరువాన సాధారణంగా అంతసేపు ఉండదు. అంటే నిండిన చెరువు కూడా వరద శిఖరాన్ని కోసి, సన్నగా, సుదీర్ఘంగా కిందికి వదులుతుంది. కింద ఇంకో చెరువుంటే అదీ అదే పని చేస్తుంది.

ఆ చెరువు చుట్టూ మట్టి పోసి 40 ఎకరాలకు కుదించారనుకుందాం. అదే అడుగు 58 నిమిషాల్లో నిండిపోతుంది. చెరువులో మిగిలిన నీళ్లు లోతుగా, అందంగా, వాకింగ్ ట్రాక్‌తో కనబడవచ్చు. కానీ వరదను ఆపేది లోతు కాదు, పైన ఉన్న విస్తీర్ణం. కబ్జా అయ్యేది ఎప్పుడూ లోతు తక్కువున్న అంచులే, ఏడాదిలో పది నెలలు ఎండి ఉండే శిఖమే, అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలే. చూడ్డానికి ఖాళీ నేల, లెక్కలో చెరువుకు అతి విలువైన భాగం.

2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. ఆ నేల వాలు నూటికి ఒకటి అయితే, మట్టం ఎఫ్‌టీఎల్ పైన ఒక అడుగు లేస్తే నీళ్లు దాదాపు 30 మీటర్లు పాకుతాయి. వాలు రెండు వందలకు ఒకటైతే 60 మీటర్లు. చట్టం ఒకే కొలత పెట్టుకుంది, నీళ్లు నేల వాలును బట్టి పోతాయి. అందుకే బఫర్ బయట కట్టినా కొన్ని ఇళ్లు మునుగుతాయి, లోపల ఉన్నవి కొన్ని మునగవు.

ఇళ్లు కొన్నవారి వాదనకూ బలముంది. రిజిస్ట్రేషన్ జరిగింది, అనుమతి వచ్చింది, బ్యాంకు లోన్ ఇచ్చింది, కరెంటు మీటరు బిగించారు. ఇన్ని చేతులు దాటాక ఇది చెరువని చెప్పడం న్యాయమా అన్నది వారి ప్రశ్న. శిఖం పట్టాలున్నవారిది ఇంకో తరహా: భూమి తమదే, కానీ నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే హక్కు, కట్టడాలకు కాదు. పైగా ఎఫ్‌టీఎల్ అనేది ఎత్తుకు సంబంధించిన కొలత. అలుగు ఎత్తు పెంచినా, తగ్గించినా మ్యాపు మీద గీత జరుగుతుంది. కాలువలు తెగిపోయి ఇరవై ఏళ్లుగా నిండని చెరువుకు పాత గీతే వర్తిస్తుందా అని కోర్టుల్లో వాదనలు అందుకే. నీళ్ల లెక్క ఒకటి, నష్టం ఎవరు భరించాలన్న లెక్క ఇంకొకటి. టీవీ చర్చల్లో మొదటిదానికి రెండోది జవాబుగా చెబుతుంటారు.

చెరువు ఎప్పుడూ మేలే చేస్తుందనీ కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. అప్పుడు పరీవాహకంలో ఉన్న 700కు పైగా చెరువుల్లో 200కు పైగా తెగి, ఒకదాని నీళ్లు ఇంకోదాని మీద పడి ఆ వరదను ఇంకా పెంచాయి. 2020లోనూ పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కింది బస్తీలు మునిగాయి. కట్ట బలంగా ఉండి, అలుగు తెరిచి ఉంటేనే చెరువు రక్షణ. అలుగు మూసేసి కట్ట మీద రోడ్డు వేసిన చెరువు కిందివాళ్లకు ప్రమాదమే.

జలాశయం ఖాళీగా ఉండాలా, నిండుగానా?

1908 తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరం లోపల మూసీని వెడల్పు చేయడమొక్కటే చాలదని, పైన నీళ్లను ఆపాలని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిది దాదాపు 3.9 టీఎంసీలు, రెండోది దాదాపు 3. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు.

ముప్పై వేల క్యూసెక్కుల వరద పది గంటలు వస్తే అది 1.08 టీఎంసీ. జలాశయంలో ఒక టీఎంసీ ఖాళీ ఉంటే దాదాపు మొత్తం ఆగిపోతుంది. నిండుగా ఉంటే మొత్తం కిందికి వదలాల్సిందే. వరద కోణంలో జలాశయం ఖాళీగా ఉండటమే మేలు. తాగునీటి కోణంలో నిండుగా ఉండాలి, ఒక టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్లకు పైమాటే. నగరానికి ఇప్పుడు ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి నుంచి వస్తున్నాయి కాబట్టి జంట జలాశయాల్లో వానాకాలం కొంత ఖాళీ ఉంచవచ్చన్నది ఒక వాదన. దగ్గర్లో, వాలుకే వచ్చే చవకైన నీటిని వదిలేసి, వంద కిలోమీటర్లకు పైగా అవతలి నుంచి పంపు చేయడం ఏం తెలివన్నది ఎదుటి వాదన. వాన సూచన ముందే నమ్మదగ్గ స్థాయిలో ఉంటే రెండూ సాధ్యమే, సూచన తప్పితే వదిలిన నీళ్లు తిరిగి రావు. 2025 సెప్టెంబర్ చివర్లో జలాశయాల నుంచి వదిలిన నీళ్లతో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చినప్పుడు ఈ చర్చే మళ్లీ లేచింది.

కింద చోటు లేకపోతే

కాలువ ఎంత వెడల్పున్నా, అది కలిసే చోట నీటి మట్టం తక్కువుంటేనే నీళ్లు దిగుతాయి. దీనికి విజయవాడ కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. బుడమేరు సహజంగా కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, కొంత వరదను డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లిస్తారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరుకు వరద వచ్చిన రోజుల్లోనే బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. నది మట్టం ఎత్తుగా ఉండటంతో డైవర్షన్ కాలువ సరిగా లాగలేదు, గట్లకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. వాగు వరద, నది వరద విడివిడిగా వస్తే తట్టుకునేలా కట్టిన వ్యవస్థకు రెండూ కలిసి రావడం వేరే పరీక్ష.

ఇంకుడు గుంత, భూగర్భ సంపు

నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వి రాళ్లు నింపిన ఇంకుడు గుంతలో రాళ్ల సందుల్లో పట్టే నీళ్లు ఆరేడు వందల లీటర్లు. 200 గజాల ప్లాటు మీద గంటలో పడే 8,300 లీటర్ల ముందు అది ఎంత? పైగా హైదరాబాద్ కింద చాలాచోట్ల రాతి నేల, జోరువానలో త్వరగా ఇంకదు. భూగర్భజలానికి అవి మంచివే, ఏడాది పొడవునా పడే చిన్న వానలన్నిటినీ పట్టుకుంటాయి. పెద్ద వాన నాటి వరదను మాత్రం నామమాత్రంగానే తగ్గిస్తాయి.

ఈమధ్య నగరంలో నీళ్లు నిలిచే చోట్ల రోడ్డు పక్కన కడుతున్న భూగర్భ సంపులు వరద కోసమే. పై లెక్కలోని కాలనీనే మళ్లీ చూద్దాం. 80 క్యూసెక్కులు వస్తున్నాయి, పూడిక చేరిన నాలా 60 తీసుకుంటోంది. మిగిలిన 20 క్యూసెక్కులను పది లక్షల లీటర్ల సంపులోకి మళ్లిస్తే అది సుమారు అరగంటలో నిండుతుంది. జోరు అరగంటలో తగ్గితే రోడ్డు మీద నీళ్లు నిలవవు, సంపులోని నీళ్లను తర్వాత నెమ్మదిగా తోడి నాలాలోకి పంపవచ్చు. జోరు గంటసేపు ఉంటే రెండో అరగంటలో ఇంకో పది లక్షల లీటర్లు రోడ్డెక్కుతాయి. నాలాలో ఆ అడుగు పూడిక తీసి ఉంటే, లెక్క ప్రకారం, సంపు అవసరమే పడదు.